కాన్పు గదిలో కనిపెట్టి ఉండడం

(సంఘం వార్షిక సభలో ఒక విశ్రాంత హెడ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ గురించి, డి.ఏ. గురించి పెద్దలు చాలా విషయాలు చెప్పారు. నేను ప్రసూతి వార్డు గురించి మాట్లాడతానంటే, "ఈ వయసులో మనకెందుకమ్మా" అని ఒకరిద్దరు నవ్వారు. మన కూతుళ్లు, కోడళ్లు, మనవరాళ్లు పురుటికి వెళ్తే ఆసుపత్రి వరండాలో కూర్చునేది మనమే కదా! లోపల ఏం జరగాలో మనకు తెలిసి ఉండడం మంచిది.

నొప్పులతో వచ్చిన మనిషి పాత కాగితాలు చూసి, బి.పి., నాడి, జ్వరం చూశాక నర్సు కడుపు మీద చెయ్యి వేసి కూర్చోవాలి. 10 నిమిషాల్లో ఎన్ని నొప్పులు వచ్చాయి, ఒక్కొక్కటి ఎన్ని సెకన్లు ఉంది అని గడియారం చూసి లెక్కపెట్టాలి. దొంగ నొప్పులైతే కాసేపటికి సద్దుమణుగుతాయి. అసలు నొప్పులు దగ్గరపడతాయి. 10 నిమిషాల్లో 5 దాటితే బిడ్డకు ప్రమాదం. వెంటనే డాక్టరుకు చెప్పాలి.

బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. అరగంటకొకసారి నిండా ఒక నిమిషం వినాలి. నొప్పి తగ్గాక కూడా వింటూ ఉండాలి. అదే సమయంలో తల్లి నాడి పట్టుకోవాలి. లేకపోతే తల్లి నాడినే బిడ్డ గుండె అనుకునే ప్రమాదం ఉంది. తల్లి ముక్కే దశలో 5 నిమిషాలకొకసారి వినాలి. ఉమ్మనీరు పచ్చగా వస్తే అదీ రాసి, డాక్టరుకు చెప్పాలి.

ఇదంతా రాసే కాగితమే పార్టోగ్రాఫ్. ఆనాటి రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, ఫిల్‌పాట్, కాజిల్ అనే వైద్యులు 1972లో దానిలో హెచ్చరిక గీత, చర్య గీత పెట్టారు. పల్లెలోని మంత్రసాని నర్సు సైతం ఆ గీత చూసి, కాన్పు ఆలస్యమవుతోందని గుర్తించి పెద్దాసుపత్రికి పంపగలగాలన్నది వారి ఉద్దేశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దాని స్థానంలో కొత్త పత్రం తెచ్చింది. గంటకు ఒక సెంటీమీటరు చొప్పున ముఖద్వారం తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ వర్తించదని తేలింది. ఇప్పుడు 5 సెంటీమీటర్ల నుంచి లెక్క మొదలవుతుంది. పక్కన తోడు ఉన్నారా, నీళ్లు తాగిందా, ఎలా పడుకుంది అన్నవి కూడా అందులో రాయాలి. నా దృష్టిలో ఇది చాలా మంచి మార్పు.

నేను పనిచేసిన ఒకచోట కాన్పు అయ్యాక కూర్చుని గీతలు గీసేవారు. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు, గది నిండా బాధింతలు. ఆ పిల్లలనీ పూర్తిగా తప్పుపట్టలేను. కానీ తరవాత గీసిన గీత ఏ తల్లినీ కాపాడదు. కేకలు వేసి, కసిరి కాన్పు చేసే అలవాటూ అప్పట్లో ఉండేది. భయపడ్డ మనిషి తన బాధ నోరు విప్పి చెప్పదు. చెప్పకపోతే మనకు తెలియదు.

బిడ్డ పుట్టగానే అందరం బిడ్డ చుట్టూ చేరతాం. అసలు గండం అప్పుడే. ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇవ్వాలి. మాయ పూర్తిగా వచ్చిందో లేదో పరీక్షించాలి. మొదటి రెండు గంటలు 15 నిమిషాలకొకసారి గర్భసంచి గట్టిగా ఉందో లేదో చూడాలి. ఒకసారి మలిచూలు తల్లి ఒకామె హాయిగా ఉన్నానంటూనే ఉంది. చెయ్యి వేస్తే గర్భసంచి మెత్తగా, బొడ్డు పైకి పక్కకు జరిగి ఉంది. మూత్రం నిండిపోయి ఉంది. గొట్టం వేసి తీసి, గర్భసంచిని మర్దన చేస్తే గట్టిపడి రక్తం ఆగింది. చెయ్యి వెయ్యకపోతే ఆమె నవ్వుతూనే చేజారిపోయేది.

కనుక సభ్యులకు నా మనవి. లోపలికి ఒక ఆడతోడును అనుమతించమని మర్యాదగా అడగండి. బిడ్డ గుండె చూశారా అని అడగండి. కాన్పయిన రెండు గంటలూ తల్లిని ఎవరు చూస్తున్నారో కనుక్కోండి. అడిగితే మంచి నర్సుకు కోపం రాదు.