తంగేడు చెక్క సైన్సు పాఠమే
(బీఎడ్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రేపు మీరు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్సు చెప్పబోతున్నారు. అందుకే ఒక్క సంగతే మాట్లాడతాను. ఆ గదిలో వస్తువును ముట్టుకునేది ఎవరు?

చాలా బడుల్లో టీచరు బల్ల మీద ప్రయోగం చేస్తారు, ముందు వరుస చూస్తుంది, వెనక వరుస నోట్సు రాసుకుంటుంది. వెనక ఎవరుంటారో మీకు చెప్పనక్కర్లేదు. నేను చదివిన బడిలో సైన్సు బీరువా తుడిచింది మేము. అందులోని భూతద్దం పట్టుకున్నది వేరేవాళ్లు.

ఇంకోలా నడపవచ్చని 1972లోనే తేలింది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చుని తామే ప్రయోగం చేసి, చూసింది తామే రాసేవారు. పరీక్షలో పుస్తకం తెరుచుకోవచ్చు, ప్రయోగం చేసి చూపే పరీక్షా ఉండేది. 1978లో అది జిల్లా అంతటికీ పాకింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది.

మన దగ్గరి ఉదాహరణ తంగేడు. పువ్వు బతుకమ్మలోకి పోతుంది, చెక్క లందలోకి పోతుంది. పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పం అయింది, చెక్క సంగతి ఎవరూ ఎత్తరు. ఆ చెక్కను దంచి, మరిగించి వడకట్టండి. తుప్పు మేకులు రాత్రంతా నానిన వెనిగర్‌ను కొంచెం కలిపితే ఆ కషాయం నల్లబడుతుంది. అందులో టానిన్ ఉందనడానికి అది గుర్తు. ఇంకో గ్లాసు కషాయంలో, నీళ్లలో కలిపిన తెల్లసొన వేస్తే విరిగి మడ్డి కడుతుంది. (గుడ్డు బడిలోకి ఎలా అనేవాళ్లకు మధ్యాహ్న భోజనం గుర్తుచేయండి.) టానిన్ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. లందలో తోలు కుళ్లకుండా నిలిచేది అందుకే. అంతకుముందు వెంట్రుకలు ఊడడానికి తోలును నానబెట్టే సున్నపు నీళ్లు ఏడో తరగతి క్షారాల పాఠం.

ఈ పాఠంలో మాదిగ పిల్లవాణ్ని లేపి 'మీ తాత పని కదా, నువ్వు చెప్పు' అని మాత్రం అనకండి. అది గౌరవం కాదు, కులం పేరుతో హాజరు పిలవడం. చెక్క క్లాసంతా దంచాలి.

2020 జాతీయ విద్యా విధానం ఈ తరగతుల పిల్లలు 10 రోజులు బ్యాగు లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల వంటివారి దగ్గర నేర్చుకోవాలంది. ఆ వరుసలో తోలు పని లేదు. అయితే నా పెద్ద అభ్యంతరం వేరు. ఆ పనులను 'వృత్తి' ఖాతాలో రాశారు, సైన్సు ఖాతాలో కాదు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' వాటిని జ్ఞానంగానే చూపింది. మీ లైబ్రరీలో లేకపోతే తెప్పించమని అడగండి.

టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లినప్పుడు లెసన్ ప్లాన్ చివర మూడు గడులు గీయండి. ఈ రోజు పరికరం పట్టుకున్నదెవరు, రాసిందెవరు, గ్లాసులు కడిగిందెవరు. నెల రోజులు నింపి తీసుకురండి. వచ్చే సమావేశంలో ఆ కాగితాలే ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.