తిక్క బాతు గంతులు

1937లో అమెరికాలో 'పోర్కీస్ డక్ హంట్' అనే చిన్న కార్టూన్ సినిమా వచ్చింది. దర్శకుడు టెక్స్ ఏవరీ. అందులో పోర్కీ అనే పంది తుపాకీ పట్టుకుని బాతుల వేటకు వెళ్తాడు. ఒక నల్లబాతు అతనికి చుక్కలు చూపిస్తుంది. కేకలు పెడుతూ, పల్టీలు కొడుతూ నీళ్లమీద గంతులేస్తుంది. అదే డాఫీ డక్!

ఇంగ్లీషులో 'డాఫీ' అంటే తిక్క. ఆ సినిమా వచ్చిన కార్టూన్ల వరుస పేరు 'లూనీ ట్యూన్స్'. 'లూనీ' అనే మాటకు మూలం లాటిన్‌లో చంద్రుడి పేరైన 'లూనా'. చంద్రుడి ప్రభావంతో మతి చలిస్తుందని పూర్వం నమ్మేవారు.

మరి ఈ తిక్క బాతును చూసి పిల్లలు ఎందుకంత నవ్వుతారు? ఆ బాతుది జబ్బు కాదు, హద్దుల్లేని అల్లరి. 'అరవకు, గెంతకు' అని పొద్దస్తమానం వినే పిల్లల తరఫున అది అరుస్తుంది, గెంతుతుంది. పైగా ఎన్ని దెబ్బలు తగిలినా మరుక్షణం లేచి నిలబడుతుంది.

మన తెలుగులోనూ పిచ్చి అనే మాటకు చాలా ముఖాలున్నాయి. 'పిచ్చితల్లీ' అంటే ముద్దు. 'సినిమా పిచ్చి' అంటే మోజు. కానీ నిజంగా మనసు బాగాలేని మనిషిని 'పిచ్చోడు' అంటే అది గాయం. ఆ మనిషి కార్టూన్ బాతులా మరుక్షణం లేచి నిలబడలేడు.

అందుకే పిల్లలతో కలిసి హాయిగా నవ్వండి. బొమ్మకీ మనిషికీ ఉన్న తేడా కూడా చెప్పండి. మనసుకు కష్టమైతే మాట్లాడేందుకు ప్రభుత్వ 'టెలీ మానస్' నంబరు 14416 ఉంది. గుర్తుపెట్టుకోండి.