నాలుగవ దశ యనగా నేమి?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)

పంచాయతీ సభ్యులారా,

గ్రామములో ఎవరికి కష్టము వచ్చినను మొదట మీ గడపయే త్రొక్కుదురు. అట్టి కష్టములలో ఒకదానిని గూర్చి నేడు మనవి చేయుదును.

ఒక యింటి పెద్దకు నోటిలో పుండు మానలేదు. పట్టణపు వైద్యులు ముక్క పరీక్ష చేసి, క్యాన్సరు నాలుగవ దశలో ఉన్నదని కాగితము వ్రాసి యిచ్చిరి. మన పెద్దలు రాచపుండు అనునది ఈ వ్యాధినే. నాలుగవ దశ యనగానే బంధువులు ఆశ వదలుకొని, రోగిని ఇంటికి తెచ్చి పరుండబెట్టుదురు. ఈ తొందరపాటు తగదు.

ఆ కాగితములో మూడు ఇంగ్లీషు అక్షరములుండును. ‘టి’ గడ్డ యెంత పెరిగినదో తెలుపును. ‘ఎన్’ మెడలోని బిళ్లలకు పాకినదా, లేదా అని తెలుపును. ‘ఎం’ ఊపిరితిత్తులవంటి దూరపు అవయవములకు పోయినదా అని తెలుపును. నోటి క్యాన్సరు దవడ ఎముకను తొలిచినచో, మరెచ్చటికిని పాకకున్నను దానిని నాలుగవ దశలోనే చేర్చుదురు. ఆ దశలో మరల 4ఎ, 4బి, 4సి అను తరగతులున్నవి. 4ఎ తరగతిలో శస్త్రచికిత్స చేసి, పిదప కరెంటు పెట్టి, నయము చేయుటకే వైద్యులు యత్నింతురు. 4బి తరగతిలో శస్త్రచికిత్సకు తరచుగా వీలుండదు; కరెంటు, మందులే ఆధారము. 4సి యనగా వ్యాధి దూరమునకు పాకినదని అర్థము. అప్పుడు దానిని అదుపులో నుంచుట, బాధ తగ్గించుట ముఖ్యము. కావున “ఈ చికిత్స నయము చేయుటకా, బాధ తగ్గించుటకా?” అని వైద్యుని సూటిగా అడుగవలెను. రోగి తెలిసికొనగోరినచో, ఆ సమాధానమును అతని వద్ద దాచరాదు.

ముక్క పరీక్ష వలన వ్యాధి పాకునను మాట నిజము కాదు. రోగితో కలసి భుజించినంత మాత్రమున ఇది అంటదు. వేరు కంచము పెట్టి ఆతని మనసు నొప్పింపకుడు. కరెంటు చికిత్స సాధారణముగా వారమునకు అయిదు దినముల చొప్పున ఆరేడు వారములు సాగును. అంతకు ముందే పండ్ల వైద్యునికి చూపవలెను, నడుమ మానరాదు. మింగుడు పడనిచో గొట్టము ద్వారా ఆహారమిత్తురు. అది బలము నిలుపు ఉపాయమే గాని, అంత్యకాలమునకు గుర్తు కాదు. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మాత్రలున్నవి. వైద్యావసరములకు అవి సులభముగా దొరకునట్లు 2014లో కేంద్రము చట్టమును సవరించినది.

చుట్ట, ఖైనీ, గుట్కా, మద్యము ఈ వ్యాధికి ముఖ్య కారణములు. అయినను మంచము పట్టినవానిని నిందించుట వలన ఫలము లేదు. ఆ మాటలు ఇంటిలోని యువకులకు చెప్పవలసినవి.

హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రియు, విశాఖపట్టణములో అగనంపూడి వద్ద హోమీభాభా ఆసుపత్రియు క్యాన్సరు చికిత్సకే ఏర్పడినవి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశములో ఎన్టీఆర్ వైద్యసేవ పేదలకు తోడ్పడును. కార్డు, కాగితములు సరిచూచి, చదువు వచ్చిన ఒకరిని రోగి వెంట పంపుడు. వారాల తరబడి పట్టణములో నుండవలసిన ఆ కుటుంబపు పొలమును, పశువులను ఇరుగుపొరుగు వారు చూచుకొనునట్లు ఏర్పాటు చేయుడు. చికిత్స నడుమ ఆగిపోకుండుటకు ఇదియే పెద్ద సహాయము.