గోలకొండ సంపాదకుడు



మీ పేర ఒక కాగితం వచ్చిందనుకోండి. అందులో ఉన్నది మీ భూమి సంగతే. కాని అది మీకు రాని భాషలో ఉన్నది. ఏం చేస్తారు? చదవగలవాని గుమ్మం ముందు చేతులు కట్టుకొని నిలబడతారు. అతడేమి చదివితే అదే నిజం! నిజాం రాజ్యంలో తెలంగాణా రైతు పడిన అవస్థ ఇదే. కచేరీ భాష ఉర్దూ, పెద్ద చదువుల భాషా ఉర్దూయే. 1921లో హైదరాబాదులో, వివేకవర్ధినిలో జరిగిన సభలో ఒకరు తెలుగున మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు.

ఆ రోజుల్లో, 1926 మే 10న, హైదరాబాదు నుండి 'గోలకొండ' పత్రిక వెలువడింది. అచ్చ తెలుగు పత్రిక, వారానికి రెండుసార్లు వచ్చేది. సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు. నేటి జోగుళాంబ గద్వాల జిల్లా బోరవెల్లిలో 1896లో పుట్టిన పల్లెటూరి బిడ్డ. మద్రాసులో చదివి, న్యాయశాస్త్రమూ అభ్యసించి, హాయిగా వకీలు పని చేసుకోవలసినవారు ఈ బరువు నెత్తికెత్తుకున్నారు. వ్రాసేవారు చాలకపోతే మారుపేర్లతో తామే వ్రాసేవారు.

తెలంగాణాలో తెలుగు కవులు లేరని ఒకరు వ్రాశారు. రెడ్డిగారు వాదానికి దిగలేదు. ఊరూరి కవులనుండి పద్యాలు తెప్పించి, 354 మందితో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. బావిలో నీళ్లు లేవన్నవానికి చేదతో తోడి చూపించడమంటే ఇదీ!

1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు ఆయనే. సభ పెట్టాలన్నా సర్కారు అనుమతి కావలసిన కాలమది.

నామట్టుకు నాకు ఇవన్నీ ఒక ఎత్తు, 1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఒక ఎత్తు. చరిత్ర అంటే ఏ రాజు ఏ రాజును గెలిచాడనే కదా మనం చదివింది? రెడ్డిగారికి అది రుచించలేదు. ఆనాటి జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలాడారు, సేద్యమెట్లా చేశారు అని పాత కావ్యాలన్నీ గాలించారు. శ్రీకృష్ణదేవరాయలవారి 'ఆముక్తమాల్యద' చూడండి. జడివాన పట్టింది. కాపులు గురుగు, చెంచలి, తుమ్మి ఆకులను చింతచిగురుతో కలిపి, నూనె పోసి వేపుకొని, అరికెల అన్నంతో తిన్నారు. మేక పెంటికల కుంపటి పెట్టుకొని మంచమెక్కారు. అది వ్రాసినవాడు చక్రవర్తి, తిన్నది మీ తాతల తాతలు! పండితులు అలంకారాలు వెదికే ఇటువంటి కావ్యాలలో రెడ్డిగారు కూడూ గుడ్డా వెదికారు. 'హంసవింశతి', 'శుకసప్తతి' వంటి కథల పుస్తకాలను కూడా వదలలేదు.

1952 ఎన్నికలలో వనపర్తి ప్రజలు ఆయనను హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు పంపారు. ఆ పదవి ఎంతోకాలం నడవలేదు. 1953 ఆగస్టు 25న, యాభై ఏడేండ్లకే కన్నుమూశారు. ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది 1955లో. తెలుగుకు దక్కిన మొదటి అకాడమీ బహుమతి అదే, అందుకోవడానికి ఆయన లేరు.

మీ ఊరి గ్రంథాలయంలో ఆ పుస్తకమున్నదేమో అడిగి చూడండి. ఉంటే ఇంట్లో ముసలివారిని పక్కన కూర్చోబెట్టుకొని చదవండి. మీకు అర్థంకాని మాటలు కొన్ని వారికి తెలిసి ఉంటాయి.