కాలిఫోర్నియా కాలేజీలో ఒక పాఠము

కాలిఫోర్నియాలో ఇరువదియేండ్లుగా స్థిరపడిన మిత్రులొకరు ఇటీవల నొచ్చుకొనుచు వ్రాసిరి: “అమ్మాయి కంప్యూటరు విద్యకై కమ్యూనిటీ కాలేజీలో చేరినది. అచ్చట ఎత్నిక్ స్టడీస్ కూడ చదువవలెనట! అది ఏ ఉద్యోగమునకు పనికివచ్చును?” శ్రోతలలో కొందరి బిడ్డలును అచ్చట ఉన్నారు గనుక ఈ ప్రస్తావన.

కమ్యూనిటీ కాలేజీ యనగా రెండేండ్ల ప్రభుత్వ కళాశాల. పగలు పనిచేసి రాత్రులు చదువుకొనువారందు పెక్కురు. ఎత్నిక్ స్టడీస్ అనగా నల్లవారు, అమెరికా ఆదివాసులు, లాటిన్ అమెరికా సంతతివారు, ఆసియావారు—వీరి చరిత్రను వీరి దృష్టితో చదువుట. ఇది ఆచార్యులు తలచి పెట్టినది కాదు. శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కళాశాల విద్యార్థులు 1968 నవంబరులో సమ్మెకట్టి, 1969 మార్చి వరకు నిలిచి సాధించుకొన్నది. 2020 నాటి చట్టము దీనిని కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయ పట్టమునకు తప్పనిసరి చేసినది.

నేను మిత్రునికి భగత్ సింగ్ థిండ్ సంగతి వ్రాసితిని. మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యములో పనిచేసిన పంజాబీ ఆయన. తాను అగ్రకులపు ఆర్యుడు, కావున తెల్లవాడే యని కోర్టులో వాదించెను. (ఆ వాదము మనకు గర్వకారణము కాదు.) 1923లో సుప్రీంకోర్టు కాదు పొమ్మని, పౌరసత్వమునకు అనర్హుడని తీర్పుచెప్పెను. 1946 చట్టము వచ్చువరకు భారతీయులకు ఆ యర్హత లేకయే యుండెను. “ఎరుగుదురా?” అని అడిగితిని.

బదులు వచ్చినది: “ఎరుగుదును. మొన్న రాత్రి భోజనమువేళ అమ్మాయి చెప్పినది. ఆ పుస్తకము నాకును ఇమ్మంటిని.”