'ఫ్రీ' – ఉచితమా? ప్రియమా?

(ఐనవిల్లిలో పింఛనుదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఒక్క ఇంగ్లీషు విశేషణం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. అది 'ఫ్రీ'. బడి గడప తొక్కనివారు కూడా రోజుకు పదిసార్లు వాడే మాట.

సబ్బు కొంటే దువ్వెన ఫ్రీ అంటే డబ్బు అక్కర్లేదని. 'సాయంత్రం ఫ్రీయేనా?' అంటే తీరిక ఉందా అని. 'అందరితో ఫ్రీగా ఉంటాడు' అంటే చనువుగా మసలుతాడని. డాక్టరుగారు 'మోషన్ ఫ్రీగా అవుతోందా?' అంటే అడ్డు లేకుండా అని. మన వయసువారికి ముఖ్యమైన అర్థం అదే! ఇక 'షుగర్ ఫ్రీ' బిస్కెట్లంటే చక్కెర ఊరికే ఇస్తారని కాదు, వేయలేదని. అయినా నాలుగు ఎక్కువ తినకండి. అందులోని పిండి కూడా ఒంట్లో చక్కెరే అవుతుంది.

భాషాశాస్త్రజ్ఞులు చెప్పే విశేషం ఒకటుంది. ఇంగ్లీషు 'ఫ్రీ', 'ఫ్రెండ్', సంస్కృతంలోని 'ప్రియ' – ఈ మూడూ ఒకే మూలం నుంచి పుట్టినవి. మొదటి అర్థం 'ఇష్టమైన' అని. ఇష్టులైన ఇంటివారు బానిసలు కారు గనుక 'స్వతంత్రులు' అనే అర్థం వచ్చింది. 'ఖర్చు లేని' అన్నది తరువాత చేరింది. మనకేమో ప్రియమంటే ధర ఎక్కువని కూడా అర్థం! ఫ్రీకి మనం వాడే 'ఉచితం' అనే మాటకు అసలర్థం 'తగినది'. ఉచితానుచితాలు అంటాం కదా!

మన పొరుగున లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చినవారికీ అన్నం పెట్టారు. తిన్నవారికది ఉచితమే. దాని వెనుక జోగన్నగారి పొలం పంట, ఆ ఇల్లాలి రెక్కల కష్టం ఉన్నాయి. ఊరికే వచ్చినదానికి కూడా ఎవరో ఒకరు మూల్యం చెల్లించే ఉంటారు.

మన పింఛను సంగతీ అంతే. 'మీకేమండీ, ఇంట్లో కూర్చుంటే ఫ్రీగా డబ్బొస్తుంది' అనేవారున్నారు. నకారా అనే విశ్రాంత అధికారి కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు, జస్టిస్ చంద్రచూడ్‌గారు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ధర్మాసనం, ఈ మాటకు జవాబు చెప్పింది. పింఛను యజమాని దయ కాదు, చేసిన సేవకు చెల్లింపు, హక్కు అని. అందుకే ఆ తేదీ మనకు పింఛనుదారుల దినమైంది.

కుటుంబ సభ్యులకు ఒక్క మనవి. గ్యాసుబండ తేవాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా 'తాతయ్య ఫ్రీయేగా' అంటారు. సంతోషంగా చేస్తాం. కానీ ముందు 'తీరిక ఉందా?' అని అడగండి. బామ్మగారిని మరీ అడగండి. ఆవిడ ఉద్యోగానికి రిటైర్మెంటు లేదు. మమ్మల్ని ఫ్రీ అనదలచుకుంటే ఆ మాట తొలి అర్థంలో అనండి, కాదనం.

సెలవు.