ఆడని పందెమునకు గెలుపెవరిది?

(యువజన కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతజయంతి దినములలో ఆటల సంగతి ఏమిటని మీలో కొందరు అనుకొనవచ్చును. నూరేండ్ల చరిత్ర వ్రాసికొనునప్పుడు "మేమే మొదటివారము, మేమే గొప్పవారము" అను మాట ఎవరికైనను నోట వచ్చును. ఆ మాటకు ఆధారమేమని అడుగుట మంచి అలవాటు. అమెరికాలోని హైస్కూలు పిల్లల ఫుట్‌బాల్ చరిత్రలో ఈ ప్రశ్న చాలకాలము నలిగినది. అందుకే దానిని ఎన్నుకొంటిని.

అక్కడివారి ఫుట్‌బాల్ మన మైదానములలో ఆడునది కాదు. కోలగా ఉండు బంతిని చేతపట్టుకొని పరుగెత్తుదురు. పక్షమునకు 11 మంది. ఒంటితో ఒంటిని ఢీకొను ఆట గనుక సాధారణముగా వారమునకు ఒక్క పందెమే ఆడింతురు. బాస్కెట్‌బాల్ వలె నాలుగు రోజులలో టోర్నమెంటు ముగించుటకు వీలులేదు. చలి ముదరకముందే సీజను ముగియవలెను. ఒక్కొక్క బడి పదింటికి అటు ఇటుగా పందెములు ఆడును. రాష్ట్రములో బడులు వందలు. రెండు మూడు బడులు ఒక్క ఓటమియు లేకుండ సీజను ముగించినవనుకొనుడి. వాటిలో ఏది గొప్పది? అవి ఒకదానితో ఒకటి ఆడనే లేదు గదా!

ఒహాయో రాష్ట్రమునే చూడుడి. 1972 వరకు అక్కడ ఫుట్‌బాల్‌కు అధికారికమైన తుది పోటీలు లేవు. మొదట పత్రికలవారు, ఊరివారు తమకు తోచిన బడికి బిరుదు కట్టబెట్టిరి. 1947 నుండి అసోసియేటెడ్ ప్రెస్ అను వార్తాసంస్థ క్రీడా విలేఖరుల ఓట్లు లెక్కించి వరుస ప్రకటించసాగెను. సీజను చివర మొదటి స్థానమున నిలిచిన బడిని రాష్ట్ర విజేత అనిరి. అయితే ఉత్తరమున క్లీవ్‌లాండులో ఉన్న విలేఖరి, దక్షిణపు కొసనున్న సిన్సినాటి పిల్లల ఆటను ఎన్నిమార్లు చూడగలడు? చూడని ఆటకు స్కోరే సాక్షి. బలహీనులను 60 పాయింట్లతో ఓడించిన బడి, బలవంతులను 7 పాయింట్లతో ఓడించిన బడికంటె కాగితము మీద గొప్పగా కనబడును.

ఆ రాష్ట్రములో మాసిలన్ అను చిన్న పట్టణమున్నది. అక్కడ పుట్టిన మగబిడ్డ ఊయలలో చిన్న ఫుట్‌బాల్ పెట్టుట ప్రసిద్ధమైన ఆచారము. 1932 నుండి 1940 వరకు అక్కడ పాల్ బ్రౌన్ అను శిక్షకుడు పనిచేసెను. ఆయన జట్లు 80 పందెములు గెలిచి, 8 ఓడి, 2 సమము చేసికొనినవి. 1940లో ఆ జట్టు 477 పాయింట్లు చేసి, ఎదుటివారందరికి కలిపి 6 మాత్రమే ఇచ్చెను. ఈ బడి 1972కు ముందటి కాలమునకు 24 రాష్ట్ర విజయములు తనవని చెప్పుకొనును.

తుది పోటీలు వచ్చిన తరువాత సంగతి వేరు. 50 ఏండ్లకు పైగా ఆ బడికి అసలు కిరీటము దక్కలేదు. ఎన్నోమార్లు చివరి పందెము వరకు వచ్చి ఓడిపోయిరి. "మీవి కాగితపు కిరీటములే" అని పొరుగువారు ఎత్తిపొడిచిరి. చివరకు 2023లో ఏక్రన్ పట్టణపు హోబన్ బడిని 7-2 స్కోరుతో ఓడించి మొదటిసారి మైదానములో కిరీటము గెలిచిరి.

ఇప్పుడు న్యాయమేమి? పాత బిరుదులన్నియు కొట్టివేయుడని ఒకరందురు. అది నాకు సరియని తోచదు. 1940లో ఆడిన పిల్లలు తుది పోటీనుండి పారిపోలేదు. అట్టి పోటీని పెద్దలు వారికి ఏర్పాటు చేయలేదు. ఆడమన్న ప్రతి పందెమును ఆడిరి. అయితే ఓటుతో వచ్చినది, ఆడి గెలిచినది ఒక్కటే అనుటయు సరికాదు. అదే సంవత్సరము మరియొక ఊరిలో ఓటమి లేకుండ నిలిచిన పిల్లలకు అడిగే అవకాశమే దొరకలేదు. వారి పేరు ఏ ఫలకముమీదను లేదు.

అధికారికమైనంత మాత్రమున సంపూర్ణ సత్యమగునా? టెక్సాస్ రాష్ట్రము 1920 సీజనునుండియే అధికారిక విజేతను ప్రకటించెను. ఆ మొదటి తుది పందెములో హ్యూస్టన్ హైట్స్, క్లీబర్న్ బడులు 0-0 తో సమముగా నిలువగా ఇద్దరిని విజేతలనిరి. ఇంతవరకు బాగుగనే ఉన్నది. కాని నల్లజాతి పిల్లల బడులకు ఆ లీగులో 1967 వరకు ప్రవేశము లేదు. వారు ప్రెయిరీ వ్యూ పేరుగల వేరొక లీగులో ఆడుకొనిరి. అన్ని సంవత్సరములు "రాష్ట్ర విజేత" అని ముద్రవేసిన మాటలో రాష్ట్రములోని పిల్లలందరు లేరు. ఓహాయోలో కొందరిని చూడక వదలిరి. ఇక్కడ చూచియు వదలిరి. రెండవది మరింత బరువైన తప్పు.

కాబట్టి యౌవనస్థులారా, పాత గెలుపులను తుడిచివేయవద్దు, పెంచి చెప్పవద్దు. "ఈ బిరుదు ఓటుచేత వచ్చినది, ఇది ఆడి గెలిచినది, ఇందులో ఫలానివారిని ఆడనీయలేదు" అని పక్కన వ్రాసిన చాలును. అట్లు వ్రాసినందున నిజముగా ఆడినవారి ఘనత తగ్గదు. మరువబడినవారికి ఒక వరుసయైనను దక్కును.

మన శతజయంతి పుస్తకమును కూడ ఈ కన్నుతోనే వ్రాయుదము. మన సంఘములలో కట్టినవారి పేర్లు రాళ్లమీద ఉన్నవి; మోసినవారి పేర్లు లేవు. వృద్ధులు బ్రతికియుండగనే వారిని అడిగి వ్రాసికొనుడి.